టెండరు పెట్టె తెరువకముందు



తెల్లవారుజామున వేటనుండి మరలివచ్చిన పడవలు పెదజాలరిపేట ఇసుకపై ఆగినంతనే, వలలనుండి తీసిన చేపలను కుప్పలుగా పోసి, చుట్టును నిలిచిన స్త్రీలు ఒకరి మాటపై నొకరు మాట వేయుచుండగా, పాట పాడువాడు పెరిగిన ధరను బిగ్గరగా చెప్పుచు, ఇక పెంచువారు లేరని తేలిన పిమ్మట సరుకును అప్పగించు వేలము ఈ తీరవాసులకెల్లరకును పరిచితమైనదే. ఆ వేలములో ప్రతి ధరయు అందరి చెవినిబడును. ఎవరు కొనిరో, ఎంతకు కొనిరో, ఎవరు మధ్యలో విడిచిరో అక్కడ నిలిచిన చిన్నపిల్లవానికిని తెలియును. అదే పేట ప్రక్కన ఒక రక్షణగోడ కట్టవలసివచ్చినపుడు, మురుగుకాలువ త్రవ్వవలసివచ్చినపుడు, చేపలరేవులో జెట్టీ బాగుచేయవలసివచ్చినపుడు, ఆ పని ఎవరికి పోయెనో, ఏ ధరకు పోయెనో, అంతకంటె చవకగాను చక్కగాను చేయగలవారు మరెవరైన నుండిరో లేరో తెలిసినవారు ఊరిలో అరుదు. ఇసుకమీది పాటలో చేతులు మారునది ఒక పూట సంపాదన. కార్యాలయములోని టెండరులో చేతులు మారునది మనమందరము కట్టిన పన్ను. ఈ సాయంకాలము నేను మాటలాడదలచినది ఆ టెండరును గురించి.

విశాఖపట్నము టెండర్ల పట్టణమన్నచో అతిశయోక్తి కాదు. 1933లో తెరువబడిన ఓడరేవు, 1966 నాటి ఉద్యమఫలముగా లభించి 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము, నౌకానిర్మాణశాల, నౌకాదళపు డాక్‌యార్డు, 1976లో స్థాపితమైన డ్రెడ్జింగు కార్పొరేషను, మహానగరపాలక సంస్థ, వీనిలో ఏదియు తనకు కావలసిన సమస్తమును తానే చేసికొనగలది కాదు. ఉక్కుకొలిమికి కోకింగు బొగ్గును సముద్రాంతరములనుండి తెప్పింపవలెను. రేవుకాలువలో పేరుకొనిన ఇసుకను తోడింపవలెను. వీధులలోని చెత్తను ఎత్తింపవలెను. తన సొమ్ముతో ఇల్లు కట్టుకొనువాడు తనకు నచ్చిన మేస్త్రీని పిలుచుకొనవచ్చును, ఏల పిలిచితివని అడుగువారుండరు. ప్రభుత్వాధికారికి ఆ స్వేచ్ఛ లేదు. అతడు చేయు ఒప్పందము రాజ్యాంగములోని 299వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి పేరనో గవర్నరు పేరనో జరుగును. ఆ పేరు వెనుక నున్నది ప్రజాసమూహము కావున, 14వ అధికరణము చెప్పు సమానత్వము అతని కలమును ప్రతిపంక్తియందును కట్టివేయును.

ఏ పనియైనను ఎస్టిమేటుతో పుట్టును. ఇంజనీరు స్థలమును చూచి, కొలతలు తీసికొని, ఎస్.ఎస్.ఆర్. అని కార్యాలయములలో పిలువబడు ప్రామాణిక ధరల పట్టికను ముందుంచుకొని, ఇంత మట్టి, ఇంత సిమెంటు, ఇంత ఇనుము, ఇంత కూలి అని లెక్కగట్టి, పై అధికారుల మంజూరు పొందును. తరువాత టెండరు నోటీసు. 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమావళి ప్రకారము నోటీసు ప్రకటించిన దినమునుండి సామాన్యముగా మూడు వారముల గడువైనను ఇయ్యవలెను. పని విలువలో నూటికి రెండునుండి ఐదువరకు ధరావతు కట్టించుకొనవలెను. పెద్ద పనులకు రెండు కవర్లుండును: ఒకదానిలో అర్హతల పత్రములు, వేరొకదానిలో ధర. మొదటిదానిలో నెగ్గినవారి రెండవ కవరునే తెరువవలెను; నెగ్గనివాని ధర ఎంత చవకయైనను దానిని తాకరాదు. తెరిచిన ధరలలో అందరికంటె తక్కువ కోరినవాడు ఎల్-1, పని అతనిది. ఇంకను తగ్గింపుమని బేరమాడదలచినచో అతనితో తప్ప రెండవవానితోగాని మూడవవానితోగాని ఆడరాదని కేంద్ర విజిలెన్సు కమిషను 1998లో ఆదేశించి, 2007లో ఆ బేరమును సైతము అసాధారణ సందర్భములకు పరిమితము చేసినది. ధరలన్నియు బయటపడిన తరువాత రెండవవానిని లోపలికి పిలిచి ‘నీవెంతకు చేయుదువు’ అని అడుగుట ఆచారమైనచో, మొదట ఎవడును తన నిజమైన ధరను కాగితముపై పెట్టడు; ఆ పిలుపుకొరకే వేచియుండును.

ఈ క్రమమంతయు పూర్వము కాగితములమీదను, లక్కముద్రలతోను, ఇనుపపెట్టెతోను నడచెడిది. ఫలానా పని ఫలానావానిదని ముందే మాటలాడుకొనిన గుత్తేదార్ల రింగు, తమలో చేరనివాడు టెండరు షెడ్యూలు కొనకుండ చేసెడిది. కొనినను కడపటి దినమున వాడు పెట్టెవరకు చేరకుండ గుమ్మమునొద్దనే మనుష్యులను నిలిపెడిది. తప్పుకొనినవారికి ‘గుడ్‌విల్’ అను పేర ముట్టెడి సొమ్ము, గెలిచినవాడు ఎస్టిమేటుపై వేసిన ‘ఎక్సెస్’ లోనుండియే వచ్చెడిది; అనగా బెదిరింపబడిన ప్రజలే బెదిరింపు ఖర్చును భరించెడివారు. ఈ దురవస్థను మాన్పుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశము 2003 జనవరిలో దేశములోని తక్కిన రాష్ట్రములకంటె ముందుగా ఎలక్ట్రానిక్ టెండర్ల పద్ధతిని ప్రయోగాత్మకముగా ఆరంభించినది. టెండర్ల కమిషనరేటు, ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్, ఆర్టీసీ, వైద్యారోగ్య భవనముల సంస్థ, ఈ నాలుగింటితో మొదలైన ఆ పద్ధతి క్రమముగా పురపాలక సంఘములకును ప్రభుత్వరంగ సంస్థలకును ప్రాకినది. గుత్తేదారు తన ఇంటనుండియే ధరను పంపవచ్చును. ఎవరెవరు వేసిరో గడువు ముగియువరకు ఎవరికిని తెలియదు. గుమ్మమునొద్ద నిలుచుటకు గుమ్మమే లేకపోయెను. మూడు నాలుగు నెలలు సాగెడి తతంగము కొలదికాలములోనే సుమారు నలువది దినములకు తగ్గినది. అదే సంవత్సరము జూలైలో వెలువడిన 94వ నంబరు ఉత్తరువు, ఎస్టిమేటుపై నూటికి ఐదుకు మించిన ఎక్సెస్‌ను అంగీకరింపరాదని హద్దు గీచినది. తెలుగునేలపై పరిపాలనలో జరిగిన సంస్కరణలలో దీనిని నేను మిక్కిలి గొప్పదానిగా ఎంతును. ఎందుకనగా దీనివలన మొదట మేలు పొందినవాడు దండబలము లేని చిన్న గుత్తేదారు.

అయినను రింగు కట్టువారికి పెట్టెయే ఆధారమా? వంతులు వేసికొని ఒకరి తరువాత ఒకరు గెలుచుట, గెలువవలసినవానికంటె ఎక్కువ ధరలను తోడుగా వేసి పోటీ జరిగినట్లు కనుపింపజేయుట, ఇవి కంప్యూటరునందును జరుగగలవు. 2002 నాటి పోటీ చట్టము దీనిని నేరుగా నిషేధించినది. ఆ నిషేధము 2009 మే 20నుండి అమలులోనికి వచ్చినది. మధ్యప్రదేశములో 2018లో ఎలక్ట్రానిక్ టెండర్ల ధరలనే మార్చివేసిరను ఆరోపణ బయటపడి దర్యాప్తు జరిగినది. కాని నా మనస్సును ఇంతకంటెను కలతపెట్టునది వేరొకటి ఉన్నది. ధరలు చూడకముందు, టెండరు వేయకముందు, నోటీసు పత్రికలో పడకముందే, అర్హతల షరతులను వ్రాయు బల్లయొద్ద న్యాయాన్యాయములు చాలవరకు నిర్ణయమైపోవుచున్నవి. ఆ బల్లవైపు చూచువారు లేరు.

సుప్రీంకోర్టు 1979 మే 4న తీర్పుచెప్పిన ఒక వ్యాజ్యమును ఇక్కడ కొంత విపులముగా చెప్పవలసియున్నది. బొంబాయి విమానాశ్రయములో ఒక రెండవతరగతి భోజనశాలను, రెండు ఫలహారశాలలను మూడేండ్లపాటు నడుపుటకు అంతర్జాతీయ విమానాశ్రయముల సంస్థ 1977 జనవరిలో టెండర్లు పిలిచినది. కనీసము ఐదేండ్ల అనుభవముగల, నమోదైన రెండవతరగతి హోటలు యజమానులు మాత్రమే వేయవలెనని షరతు. వచ్చిన టెండర్లలో అధిక రుసుము ఇయ్యజూపినవానికి క్యాంటీనులు నడిపిన అనుభవమున్నది గాని హోటలు నడిపిన అనుభవము లేదు. అయినను సంస్థ అతనికే ఇచ్చినది. దీనిని ప్రశ్నించుచు కోర్టుకెక్కిన రమణ దయారాం శెట్టి అసలు టెండరే వేయలేదు! వేయనివానికి ఫిర్యాదేమి అని ఎవరికైనను తోచును. అతని వాదము ఇది: ‘నాకును ఆ అర్హత లేదు; షరతును చూచి నేను ఇంటనే నిలిచిపోతిని; సడలింతురని తెలిసియున్నచో నేనును వేసియుందును.’ జస్టిస్ పి.ఎన్. భగవతి ఈ వాదములోని సారమును గ్రహించి, ప్రభుత్వము తాను పెట్టిన ప్రమాణమునకు తానే కట్టుబడవలెననియు, దానిని విడుచుట ఆ ప్రమాణమును నమ్మి దూరముగా నుండిపోయినవారి సమానత్వమును హరించుట యగుననియు తేల్చిచెప్పెను. అయితే వ్యాజ్యము వేయుటలో ఐదు నెలలకు పైబడి జాప్యము జరుగుటచేతను, ఆలోగా పని పొందినవాడు సుమారు లక్షయిరువదియైదువేల రూపాయలు వెచ్చించి ఏర్పాట్లు చేసికొనుటచేతను, ఆ ఒప్పందమును మాత్రము కొట్టివేయలేదు.

న్యాయవాదులు ఈ తీర్పును సమానత్వసూత్రమునకై ఉదహరింతురు. నన్ను ఇందులో ఆకర్షించినది ఇంటనే నిలిచిపోయిన ఆ మనుష్యుని మూర్తి. టెండరు దస్త్రములో వేసినవారి పేర్లుండును, ఓడినవారి పేర్లుండును. షరతు చదివి మడిచి ప్రక్కన పెట్టినవాని పేరు ఏ దస్త్రములోను ఉండదు. మన పేటలోనే పుట్టి, పాలిటెక్నిక్‌లో సివిలు డిప్లొమా చదివి, కొన్ని చిన్న కాలువలు కట్టి, అయిదవ తరగతి గుత్తేదారుగా నమోదైన యువకుడు నోటీసు చూచును. ‘గత అయిదేండ్లలో ఇదేవిధమైన సముద్రతీర నిర్మాణమును ఒకే ఒప్పందముపై ఇంత విలువకు పూర్తిచేసియుండవలెను’ అను పంక్తి యొద్ద అతని చదువు ఆగిపోవును. ఆ పంక్తి అవసరమై వ్రాసినదా, లేక ఒకరిద్దరికి మాత్రమే సరిపోవునట్లు కొలిచి కుట్టినదా అని అడుగువారెవరు?

అవసరమైన షరతులు లేకపోలేదు. ఉప్పుగాలి సిమెంటులోనికి చొచ్చి లోపలి ఇనుమును తినివేయు ఈ తీరమున జెట్టీ స్తంభములు దింపుటకు అనుభవము లేనివానిని పంపుట అన్యాయమే. దాని ఫలము కట్టినవాడు కాదు, ఆ జెట్టీకి పడవ కట్టినవాడు అనుభవించును. అందుచేతనే విజిలెన్సు కమిషను 2002 డిసెంబరులో ఒక కొలత చెప్పినది: గతములో అదేరకపు పనులు మూడింటిని ఎస్టిమేటులో నూటికి నలువది చొప్పున గాని, రెండింటిని ఏబది చొప్పున గాని, ఒక్కదానిని ఎనుబది విలువకు గాని పూర్తిచేసియుండిన చాలును, సాలుసరి వ్యాపారము ఎస్టిమేటులో నూటికి ముప్పదియైనచో చాలును. కోటి రూపాయల పనికి నలువది లక్షల పనులు మూడు చేసినవాడు అర్హుడన్నమాట. ఇది న్యాయమైన కొలత. దీనికి మించి అడిగినచోట, ఏల అడిగితిరో వ్రాతపూర్వకముగా చెప్పు బాధ్యత అడిగినవారిపై నుండవలెను. ‘అదేరకపు పని’ అను రెండు మాటలను ఎంత ఇరుకుగా నిర్వచింతురో దానినిబట్టి పోటీదారులు పదిమందియా ఇద్దరా అన్నది తేలిపోవును.

ఎస్టిమేటు సంగతియు ఇట్టిదే. అందులో ఏది చేర్చిరో అదియే కట్టబడును. చేర్చనిది తరువాత ఎవరెంత మొత్తుకొన్నను ‘ఒప్పందములో లేదు’ అన్న సమాధానము వచ్చును. విశాఖ చేపలరేవు ఆధునికీకరణకు, దినమునకు సుమారు 150 టన్నుల చేపలను అందుకొను రేవును 300 టన్నులకు పెంచు ఉద్దేశముతో, ఇంచుమించు 150 కోట్ల రూపాయల వ్యయముతో 2022 నవంబరు 12న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. మరుసటి ఏడు నవంబరు 19 రాత్రి ఆ రేవులోనే మంటలు చెలరేగి నలువది పడవలవరకు దగ్ధమైనవి. పడవకు పడవకు నడుమ ఎంత ఎడముండవలెనో, నీటిగొట్టములు ఎక్కడెక్కడ నుండవలెనో, డీజిలు నిలువ ఎచట నుండరాదో, ప్రతిరాత్రియు ఆ పడవలలో నిద్రించు కళాసీలకు తెలిసినంతగా మరెవరికిని తెలియదు. ఇట్టి రేవులకు ఎస్టిమేటు వ్రాయునపుడు వారిని కూర్చుండబెట్టి అడుగుట దయాదాక్షిణ్యము కాదు. సరియైన టెండరుకు అదియే మొదటి మెట్టు.

మరి రెండు దురాచారములను త్వరితముగా చెప్పి ముందుకు పోవుదును. ఒకటి, పెద్ద పనిని ముక్కలుగా కోసి, ప్రతిముక్కయు నామినేషను పరిమితికి లోబడునట్లు చేసి, టెండరే లేకుండ తమవారికి పంచుట. ఆర్థిక నియమావళి దీనిని స్పష్టముగా నిషేధించుచున్నను ఇది మాయలేదు. రెండవది, వస్తువు లక్షణమును చెప్పుటకు మారుగా ఒకే కంపెనీ వస్తువునకు తప్ప వర్తింపని వివరమును వ్రాయుట. దీనికి విరుగుడు, ఏ పని జరుగవలెనో చెప్పి, ఎవరి వస్తువని చెప్పకుండుట.

చిన్నవారికై చట్టము చేసిన మేలొకటి ఉన్నది. 2012 నాటి ఉత్తరువు ప్రకారము కేంద్రప్రభుత్వ శాఖలును సంస్థలును తమ కొనుగోళ్లలో నూటికి ఇరువదియైదు పాళ్లు సూక్ష్మ, చిన్నతరహా పరిశ్రమలనుండి కొనవలెను. అట్టి పరిశ్రమ వేసిన ధర ఎల్-1 కంటె నూటికి పదునైదు వరకు ఎక్కువైనను, ఎల్-1 ధరకు దిగివచ్చుటకు దానికి అవకాశమియ్యవలెను. రేవు, ఉక్కు కర్మాగారము దీనికి లోబడినవే. ఇది సరుకులకును సేవలకును గాని నిర్మాణపు పనులకు వర్తింపదు. అయినను సంచులు కుట్టు స్త్రీలు, మంచుగడ్డల కర్మాగారము నడుపువారు నమోదు చేసికొనినచో ఈ తలుపు తెరిచియే యున్నది.

ఇక ధరను గురించి. తక్కువ ధర యన్నంతనే సంతోషించుట మనకు అలవాటు. 2019లో మన రాష్ట్రములో రివర్సు టెండరింగు వచ్చినది. ఎల్-1 ధరను ఆధారముగా పెట్టుకొని, అంతకు దిగువకు మరల పోటీ పెట్టు పద్ధతి అది. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట దానిని ఉపసంహరించిరి. దానివలన ఆదా ఎంత, ఆలస్యమెంత అని రాజకీయపక్షములు తగవులాడుకొన్నవి. నా అభిప్రాయము చెప్పుదును: ఎస్టిమేటు నిజమైనదైనచో దానికంటె మరీ తక్కువకు, అనగా లోతైన ‘లెస్’ కు, ఎవడును పని చేయలేడు, చేసినచో సిమెంటులోనైనను కూలిలోనైనను కోత పడును. ఎస్టిమేటు అబద్ధమైనచో ఎన్ని మారులు పోటీ పెట్టినను, ఆ అబద్ధమును కొంచెము తగ్గించుకొనుటయే యగును.

కాని అదే 2019లో చేసిన వేరొక చట్టమును గురించి నాకు విచారము కలదు. నూరుకోట్ల రూపాయల పనులకును అంతకు పైబడిన పనులకును, టెండరు పిలువకముందే, దాని ముసాయిదాను హైకోర్టులో పనిచేసిన ఒక న్యాయమూర్తి ముందుంచవలెననియు, ఒక వారముపాటు ప్రజలందరు చూచి అభ్యంతరములు తెలుపుటకు బహిరంగపరచవలెననియు ఆ చట్టము నిర్దేశించెను. పదునైదు దినములలో పరిశీలన ముగియవలసియుండెను. ఆ చట్టమును 2024లో రద్దుచేసిరి. పనులకు ఆలస్యమగుచున్నదని చెప్పిన కారణమును నేను తోసిపుచ్చను. న్యాయమూర్తి పరిశీలనను తీసివేసినను తీసివేయవచ్చును. ఆ ఒక్క వారమును మాత్రము నిలుపుకొనవలసియుండినది. షరతులు వ్రాయు బల్లవైపు సామాన్యుడు తొంగిచూచుటకు మన చట్టములలో దొరికిన కిటికీ అది. నూరుకోట్ల పనికే కాదు, నగరపాలక సంస్థ చేయించు అర్ధకోటి పనికైనను అది యుండదగినది.

న్యాయస్థానములున్నవి గదా యందురేమో. ఉన్నవి, కాని వాని హద్దు వానికి కలదు. 1994లో టాటా సెల్యులార్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, నిర్ణయము చేసిన విధానము సరియైనదా కాదా యని మాత్రమే పరిశీలింతుము గాని, ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యని అధికారి కుర్చీలో తాము కూర్చుండి తేల్చమని స్పష్టము చేసినది. షరతులు అందరికి సమానముగా అమలైనవా? అయినచో సాధారణముగా కోర్టు ఆగిపోవును. మన రేవుతో ముడిపడిన ఉదాహరణమొకటి కలదు. 2022లో ముంబయియొద్ద జవహర్‌లాల్ నెహ్రూ రేవువారు ఒక పెద్ద సంస్థ టెండరును అనర్హమనిరి. విశాఖ రేవులో దాని అనుబంధ సంస్థ చేసికొనిన బొగ్గు బెర్తు ఒప్పందము రద్దయియుండుట దానికి హేతువు. బొంబాయి హైకోర్టు ఆ నిర్ణయమును సమర్థించినది. ఇచట తెగిన ఒప్పందము వేయి కిలోమీటర్లకు పైగా దూరముననున్న మరియొక తీరమున లెక్కకు వచ్చినది. షరతు ముందే వ్రాసియుండుటచేతనే వచ్చినది. ఎంతటివారైనను వ్రాసిన పంక్తికి లోబడవలసివచ్చినది.

పని అప్పగించిన తరువాత అందరును తమ తమ దారిని పోవుదురు. వాస్తవమునకు అపుడే ఎం. బుక్ అని పిలుచు కొలతల పుస్తకము తెరువబడును. ఎంత లోతు త్రవ్విరో, ఎంత మందము వేసిరో అందులో ఇంజనీరు వ్రాసిన అంకెలనుబట్టియే రన్నింగు బిల్లులు చెల్లును. న్యాయముగా గెలిచిన ఎల్-1 సైతము అదనపు పనుల పేర, మారిన పరిమాణముల పేర ఈ పుస్తకములోనే ఎల్-3 కంటె ఖరీదైనవాడు కాగలడు. ఇచట పౌరునకు చేతనున్న సాధనమును చాలమంది వాడుట లేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము కాగితముల నకళ్లు ఇప్పించునదని అందరు ఎరుగుదురు. అదే చట్టములోని రెండవ విభాగము, జరుగుచున్న పనిని స్వయముగా పరిశీలించు హక్కును, అందు వాడిన పదార్థముల ధ్రువీకృత నమూనాలను తీసికొను హక్కును గూడ ప్రసాదించినది. అనగా చేపలరేవులో పోసిన కాంక్రీటు నమూనాను, దాని ఎం. బుక్ పుటలను, టెండరులో వ్రాసిన షరతులను జాలరిపేట మత్స్యకారుడు అడిగి తీసికొని ఒకదానితో నొకటి సరిచూచుకొనవచ్చును. రేవు కేంద్రప్రభుత్వ సంస్థ కావున దరఖాస్తు రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు లేదు. దస్త్రములను చూచుటకు మొదటి గంట ఉచితము, ఆపై గంటకు 5 రూపాయలు. నమూనాకు అయిన ఖర్చు మాత్రము ఇచ్చుకొనవలెను. సమాధానము 30 దినములలో రావలెను. రానిచో ఆ కార్యాలయములోనే పై అధికారికి 30 దినములలోగా మొదటి అప్పీలు పెట్టుకొనవచ్చును.